నాకు, నాతో, నా మీద

రాఫెల్స్ ప్లేస్ ఆఫీసుల్లో పనిచేసే తెలుగువాళ్లు ఇంగ్లీషు పెద్ద మాటల దగ్గర తడబడటం నేను పెద్దగా చూడలేదు. రీకన్సిలియేషన్, కాంప్లయెన్స్, ఎస్కలేషన్ లాంటివి రోజూ నోట్లో నలిగేవే. తడబాటంతా 'టు', 'ఎట్', 'ఆన్', 'విత్', 'ఫర్' అనే బుల్లి మాటల దగ్గర. అందులోనూ వాటి పక్కన ఒక 'మీ', 'యూ', 'హిమ్' వచ్చి చేరినప్పుడు. "హి షౌటెడ్ ఆన్ మీ." "ప్లీజ్ ఎక్స్‌ప్లెయిన్ మీ." "షి ఈజ్ యాంగ్రీ ఆన్ మీ." "కాల్ టు మీ ఆఫ్టర్ లంచ్."

(ముందే ఒక మాట. ఇక్కడ కొటేషన్లలో ఉన్న 'మీ' ఇంగ్లీషుది, అంటే నేను. కొటేషన్లు లేని మీ తెలుగుది, అంటే మీరు. ఒకే శబ్దం ఒక భాషలో నన్నూ ఇంకో భాషలో మిమ్మల్నీ చూపిస్తుంటే మన పిల్లలు తికమక పడరా మరి.)

ఈ తప్పుల మీద జోకులు వేసుకోవడం మనకి అలవాటు. వాట్సాప్ గ్రూపుల్లో ఇవి ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి. కానీ కాస్త ఆగి చూస్తే వీటిలో ఒక్కటి కూడా తోచినట్టు అన్నది కాదు. ప్రతిదాని వెనకా ఒక శుద్ధమైన తెలుగు వాక్యం ఉంది. నా మీద అరిచాడు. నాకు వివరించండి. ఆవిడకి నా మీద కోపం. భోజనం అయ్యాక నాకు ఫోన్ చెయ్యి. తెలుగు వ్యాకరణం ప్రకారం అణువంత తప్పు లేని మాటలివి. మాటలు మారాయి గానీ విభక్తులు మారలేదు, అంతే.

నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. ఇంగ్లీషు ప్రిపొజిషన్లని విడివిడిగా, ఒక పెద్ద పట్టికగా బట్టీ పట్టించడం మానెయ్యాలి. సర్వనామంతో కలిపి జంటగా, మన విభక్తుల పక్కన పెట్టి నేర్పాలి. తప్పు తెలుగులోంచే వస్తున్నప్పుడు మందు కూడా తెలుగులోనే దొరుకుతుంది.

'డుమువులు ప్రథమా విభక్తి' అని బడిలో వల్లె వేసినవాళ్లు ఇది చదువుతున్నవాళ్లలో చాలామందే ఉంటారు. ఎందుకు వల్లె వేశామో అప్పుడెవరూ చెప్పలేదు. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం వచ్చింది 1858లో. తమాషా ఏమిటంటే, సింగపూర్‌లో అంతకుముందు కమర్షియల్ స్క్వేర్ అని పిలిచే చోటుకి రాఫెల్స్ ప్లేస్ అని పేరు పెట్టిందీ ఆ ఏడే. ఆ విభక్తుల పట్టిక పరీక్ష కోసం తప్ప ఎందుకూ పనికిరాదనుకున్నాం. ఇక్కడ క్లయింటుకి మెయిల్ రాసేటప్పుడు దాని విలువ తెలుస్తుంది.

మొదట ఈ జంటలు నోట్లో ఎలా పలుకుతాయో చూద్దాం. తెలుగులో నాతో, నాకు, నాలో, నావల్ల, నాకోసం అన్నవి ఒక్కొక్కటీ ఒక్క మాట. 'నా' ఒకటీ 'తో' ఒకటీ అని ఏ పిల్లాడూ అనుకోడు. ఇంగ్లీషులో కాగితం మీద ఇవి రెండు మాటలు. కానీ ఇంగ్లీషు మాతృభాష అయినవాళ్ల నోట్లో ఇవీ ఒక్క మాటే. 'ఫర్ హిమ్' అన్నది 'ఫరిమ్' అవుతుంది. 'టెల్ హిమ్' అన్నది 'టెలిమ్', 'లుక్ ఎట్ ఇట్' అన్నది 'లుకటిట్'. వాళ్లు మరీ వేగంగా మాట్లాడతారని మనం అనుకుంటాం. నిజానికి వాళ్లు క్రియనీ నామవాచకాన్నీ నొక్కి పలికి, ఈ జంటల్ని మింగేస్తారు. మనం విభక్తి ప్రత్యయాన్ని మాటలో కలిపేసినట్టే.

మనం మాత్రం పుస్తకంలో చదివిన అలవాటుతో ప్రతి మాటా సమానంగా నొక్కుతాం. అందులో ఒక చిక్కుంది. 'ఐ సెంట్ ఇట్ టు హిమ్' అన్న వాక్యంలో 'హిమ్'ని గట్టిగా పలికితే అర్థం 'అతనికి పంపాను' అని కాదు, 'అతనికే పంపాను' అని. మన 'ఏ' చేసే పని అక్కడ గొంతు చేస్తుంది. మామూలు సమాచారం చెబుతున్నాననుకుని మనవాడు అన్న మాట అవతల లండన్‌లో కూర్చున్నాయనకి "నేను అతనికే పంపా, తప్పు అతనిదే" అన్నట్టు వినిపించొచ్చు. ఇంగ్లీషు పాఠాల్లో ఉచ్చారణ అంటే 'స్కూల్'ని 'ఇస్కూల్' అనకూడదని చెప్పడం దగ్గరే ఆగిపోతాం. నొక్కు ఎక్కడ పడితే అర్థం ఎలా మారుతుందో ఎవరూ చెప్పరు. 'అతనికి', 'అతనికే' అని రెండు మాటలు పక్కపక్కన పెడితే పదేళ్ల పిల్లకి కూడా నిమిషంలో అర్థమయ్యే సంగతి ఇది.

ఇక అర్థాల సంగతి. 'షౌట్' తర్వాత 'ఎట్' రావాలి, 'ఆన్' రాకూడదు అని పట్టికలో ఉంటుంది. ఎందుకో ఉండదు. తెలుగులో ఒక చిన్న సంగతి గమనించండి. బంతి నాకు విసిరాడు అంటే పట్టుకోమని విసిరాడు. బంతి నా మీదికి విసిరాడు అంటే తగలాలని విసిరాడు. ఇంగ్లీషులోనూ సరిగ్గా ఇదే తేడా. 'త్రో టు మీ' అంటే నాకు అందాలని. 'త్రో ఎట్ మీ' అంటే నన్ను గురిపెట్టి. అరుపుకీ అంతే. 'షౌటెడ్ టు మీ' అంటే దూరంగా ఉన్న నాకు వినబడాలని కేకేశాడు. 'షౌటెడ్ ఎట్ మీ' అంటే నన్ను తిట్టాడు. 'లాఫ్ ఎట్', 'పాయింట్ ఎట్', 'స్టేర్ ఎట్' అన్నీ ఈ కుటుంబమే. 'ఆన్' అంటే మీద అని మనకి చిన్నప్పుడు టేబుల్ మీద పుస్తకం చూపించి చెప్పారు. మన 'మీద'లో రెండు పనులున్నాయి, ఒకటి పైన ఉండటం, రెండోది గురిపెట్టడం. మొదటిది 'ఆన్', రెండోది 'ఎట్'. తేడా మన దగ్గర లేక కాదు, ఉన్నదాన్ని ఎవరూ చూపించక వచ్చిన ఇబ్బంది ఇది.

'డిస్కస్ అబౌట్ ఇట్' కూడా అలాంటిదే. దాని గురించి చర్చిద్దాం అన్న వాక్యం అలాగే దిగిపోతుంది. 'డిస్కస్'లోనే గురించి ఉంది, మళ్లీ 'అబౌట్' అక్కర్లేదని మాస్టారు చెబుతారు, మనం మర్చిపోతాం. విభక్తుల పట్టిక గుర్తుచేసుకోండి. ని, ను పక్కనే కూర్చి, గురించి ఉంటాయి. అన్నీ ద్వితీయే. దాన్ని చర్చిద్దాం అన్నా, దాని గురించి చర్చిద్దాం అన్నా మన సంప్రదాయ వ్యాకరణం రెంటినీ ఒకే అరలో పెట్టింది. 'డిస్కస్ ఇట్' అంటే 'దాన్ని చర్చిద్దాం' అనే. ఇలా చెబితే మర్చిపోవడం కష్టం.

మాటల వరస సంగతి మరోటి. తెలుగులో దాన్ని నాకు పంపు అన్నా, నాకు దాన్ని పంపు అన్నా ఒకటే. విభక్తి మాటని అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి మాట ఎక్కడ కూర్చున్నా నష్టం లేదు. ఇంగ్లీషులో ఆ పని చాలావరకు చోటు చేస్తుంది. క్రియ పక్కన కూర్చున్నదానికి ఏమీ అక్కర్లేదు, దూరంగా కూర్చున్నదానికి 'టు' కావాలి. 'సెండ్ మీ ద ఫైల్', లేదంటే 'సెండ్ ద ఫైల్ టు మీ'. మరి 'ఎక్స్‌ప్లెయిన్ మీ ద ఇష్యూ' ఎందుకు కుదరదు? దీనికో చరిత్ర ఉంది. 'గివ్', 'సెండ్', 'టెల్', 'షో' లాంటివి ఇంగ్లీషు సొంత పాత క్రియలు. ఇవి మనిషిని పక్కన కూర్చోబెట్టుకుంటాయి. 'ఎక్స్‌ప్లెయిన్', 'డిస్క్రైబ్', 'సజెస్ట్', 'మెన్షన్' లాంటివి లాటిన్ మూలం నుంచి వచ్చి చేరినవి. ఇవి మనిషిని 'టు' లేకుండా దగ్గరికి రానివ్వవు. 'ఆఫర్', 'ప్రామిస్' లాంటి మినహాయింపులు ఉన్నాయి, 'సే' పాతదే అయినా 'టు' అడుగుతుంది. అయినా మెయిల్ రాసేవాడికి రోజూ అక్కరకొచ్చే గుర్తు ఇది.

'టర్న్ ఆఫ్ ఇట్' అనేవాళ్లకి కూడా మన భాషలోనే కీలకం ఉంది. 'టర్న్ ఆఫ్ ద లైట్', 'టర్న్ ద లైట్ ఆఫ్' రెండూ సరైనవే. కానీ లైట్ బదులు 'ఇట్' వస్తే అది మధ్యలోనే కూర్చోవాలి, 'టర్న్ ఇట్ ఆఫ్'. మరి 'లుక్ ఎట్ ఇట్'లో అది చివర ఎందుకుంది? తెలుగులో అడిగి చూడండి. లైటు కట్టెయ్ అన్నప్పుడు ఆ 'ఎయ్' క్రియకి అంటుకుంది. దానివైపు చూడు అన్నప్పుడు ఆ 'వైపు' 'దాని'కి అంటుకుంది. 'ఆఫ్' మొదటి రకం, 'ఎట్' రెండో రకం. క్రియకి చెందిన బుల్లిమాట అయితే సర్వనామం మధ్యలో దూరుతుంది, 'రోల్ ఇట్ బ్యాక్', 'షట్ ఇట్ డౌన్', 'పిక్ ఇట్ అప్'. సర్వనామానికి చెందినదైతే ఆ జంట విడిపోదు, 'వెయిట్ ఫర్ ఇట్', 'లుక్ ఇన్‌టు ఇట్', 'డిపెండ్ ఆన్ ఇట్'. రిలీజు రాత్రి సర్వర్ పడిపోయినప్పుడు 'రోల్ బ్యాక్ ఇట్' అంటే ఎవరికీ అర్థం కాకుండా పోదు. కానీ తెలిసి అనడానికీ, ఎలాగో గట్టెక్కడానికీ మధ్య మనిషి ధైర్యంలో తేడా ఉంటుంది.

బాగా చదువుకున్నవాళ్లు కూడా జారిపడే చోటు ఇంకొకటుంది. 'బిట్వీన్ యూ అండ్ ఐ'. ఇది వినడానికి గొప్పగా ఉంటుంది. తెలుగులో పెట్టి చూస్తే నవ్వొస్తుంది, 'నీకూ నేనుకూ మధ్య'. విభక్తి తగలగానే నేను 'నా' అవుతుంది, వాడు 'వాడి' అవుతుంది. నేనుతో, వాడుతో అని మూడేళ్ల పిల్ల కూడా అనదు. ఇంగ్లీషులో 'ఐ' ప్రిపొజిషన్ తర్వాత 'మీ' అవుతుంది, 'హి' అన్నది 'హిమ్', 'దే' అన్నది 'దెమ్' అవుతాయి. మనం నీకూ నాకూ అని ఇద్దరికీ కు తగిలిస్తాం కాబట్టి తప్పే అవకాశం లేదు. వాళ్లు 'బిట్వీన్' ఒక్కసారే అని ఇద్దర్నీ దాని వెనక నిలబెడతారు. రెండోవాడు కాస్త దూరంగా ఉంటాడు కాబట్టి పట్టు తప్పుతుంది. మర్చంట్ ఆఫ్ వెనిస్‌లో ఆంటోనియో రాసిన ఉత్తరంలోనూ 'బిట్వీన్' తర్వాత 'ఐ'నే ఉంది. షేక్‌స్పియర్‌కి చెల్లింది. మన మెయిల్‌కి మాత్రం పక్కవాణ్ణి తీసేసి చదువుకోవడం మంచిది. 'ఫర్ రవి అండ్ ఐ' అని రాయబోతున్నారా? రవిని తీసెయ్యండి. 'ఫర్ ఐ' అనలేం కదా.

దీనికి తోబుట్టువు 'ప్లీజ్ కాంటాక్ట్ మైసెల్ఫ్'. 'మీ' అంటే మరీ మొరటుగా ఉంటుందేమోనన్న మొహమాటంతో 'మైసెల్ఫ్' వాడతారు. తెలుగులో అది 'నన్ను నేను'. నన్ను నేను సంప్రదించండి అంటే ఎలా ఉంటుందో మీరే చెప్పండి.

ఇదంతా బడిపంతులు గోలలా ఉంటే, అసలు సంగతికి వస్తాను. ఆఫీసులో బాధ్యత ఎవరిది, నింద ఎవరిది, నిర్ణయం ఎవరిది అన్నవి మోసేది ఈ జంటలే. 'ఇట్స్ విత్ యూ' అంటే పని మీ దగ్గర ఉంది. 'ఇట్స్ ఆన్ యూ' అంటే బాధ్యత మీది, చాలాసార్లు తప్పు కూడా మీదే. 'ఇట్స్ అప్ టు యూ' అంటే నిర్ణయం మీది. 'ఓవర్ టు యూ' అంటే ఇక మీ వంతు. 'లంచ్ ఈజ్ ఆన్ మీ' అంటే బిల్లు నాది. మారింది ఒక్క బుల్లిమాట, దాంతో మనిషి నిలబడ్డ చోటే మారిపోయింది.

కొన్నేళ్ల కిందట ఒక కాల్‌లో విన్న మాట చెబుతాను. మన కుర్రాడొకడు, ఊళ్లో తెలుగు మీడియం బడి, ఆ తర్వాత ఇంజనీరింగు. పనిలో చురుకు. అతను చెప్పాల్సింది ఇంతే, మా పని అయిపోయింది, ఫైలు ఇప్పుడు మీ దగ్గర పరిశీలనలో ఉంది, అందుకే ఆలస్యం. అతను అన్నది, "ద డిలే ఈజ్ ఆన్ యూ." అవతల క్లయింటు వైపు నాలుగైదు సెకన్లు నిశ్శబ్దం. మీ వైపు ఉంది అన్నది మీ మీదే తప్పు అయి కూర్చుంది. పెద్దవాళ్లు కల్పించుకుని సర్దిచెప్పారు, పెద్ద గొడవేమీ కాలేదు. కానీ ఆ తర్వాత చాలా వారాలు ఆ కుర్రాడు కాల్స్‌లో నోరు విప్పలేదు. చాట్‌లో టైపు చేసేవాడు, ఇంకొకరు చదివేవాళ్లు. అతని కోడ్ అంతకుముందు ఎంత బాగుందో అప్పుడూ అంతే బాగుంది. ఏడాది చివర రివ్యూలో మాత్రం కమ్యూనికేషన్ అన్న గడి నింపాల్సిన వాళ్లకి గుర్తుండేది ఆ మౌనమే.

నా కోపం ఇక్కడ. ఆ ఒక్క జంట సరిచేయడానికి అతనికి పది నిమిషాలు చాలు. మీ దగ్గర ఉంది, మీ మీద ఉంది అన్న తేడా అతనికి పుట్టినప్పటినుంచీ తెలుసు. నీ దగ్గర డబ్బుంది అనడానికీ, నీ మీద అప్పుంది అనడానికీ తేడా తెలియని తెలుగువాడు ఉంటాడా? దగ్గర అంటే 'నియర్' అని బడిలో నేర్పి వదిలేశారు. 'నియర్ మీ నో మనీ' అని మనవాళ్లు అనడం మీరూ వినే ఉంటారు. మనిషి దగ్గర ఉన్నదానికి 'విత్', మనిషి మీద పడ్డ భారానికి 'ఆన్' అని ఒక్కసారి ఎవరైనా చెప్పి ఉంటే చాలు.

దీనికి రెండు అభ్యంతరాలు వినిపిస్తాయి. మొదటిది, తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులోకి మార్చుకుంటే నత్తనడక అవుతుంది, ఇంగ్లీషులోనే ఆలోచించడం నేర్చుకోవాలి అని. వినడానికి బానే ఉంది. కానీ 'షౌటెడ్ ఆన్ మీ' అన్నవాడు ఎలాగూ తెలుగులోంచే మారుస్తున్నాడు, తనకి తెలియకుండా మారుస్తున్నాడు. తెలిసి మార్చితే కొన్నాళ్లకి మార్చే పనే ఉండదు. సైకిల్‌కి పక్కచక్రాలు పెట్టేది జీవితాంతం ఉంచడానికా?

రెండోది ఇంకాస్త గట్టి అభ్యంతరం. మన ఇంగ్లీషు మనది, దాన్ని ఎందుకు దిద్దుకోవాలి అని. సింగపూర్‌లో ఉన్నవాళ్లకి ఈ వాదం కొత్త కాదు. ఇక్కడి సింగ్లిష్‌లో 'ఐ ఫాలో యూ' అంటే నీతో వస్తాను అని. 'ఐ సెండ్ యూ హోమ్' అంటే నిన్ను ఇంటి దగ్గర దింపుతాను అని. 'కెన్' అన్న ఒక్క మాటతో వాక్యం అయిపోతుంది, కర్త ఎవరో సందర్భమే చెబుతుంది, మన వస్తా, పంపించేశా లాగా. మలయ్, చైనీస్ భాషల వ్యాకరణం ఇంగ్లీషు మాటలు తొడుక్కుని నడుస్తుంటే అలా ఉంటుంది. 2000లో అప్పటి ప్రధాని గో చోక్ టాంగ్ స్పీక్ గుడ్ ఇంగ్లీష్ ఉద్యమం మొదలుపెట్టారు. సింగ్లిష్ మాత్రం ఎక్కడికీ పోలేదు. హాకర్ సెంటర్‌లో అది మాట్లాడే మనిషే పైకి వెళ్లి మీటింగులో ఇంకో ఇంగ్లీషు మాట్లాడతాడు. రెండూ వచ్చు కాబట్టి అతనికి ఎంచుకునే వీలుంది. మన కుర్రాడికి ఆ వీలు లేదు. నా గొడవ స్వచ్ఛమైన ఇంగ్లీషు గురించి కాదు, ఆ వీలు గురించి.

అందుకే అన్నిటినీ ఒకే గాటన కట్టి దిద్దమని నేను అనను. 'యాంగ్రీ ఆన్ మీ' అంటే కోపం ఎవరిమీదో అందరికీ తెలుస్తుంది, అది చివర్లో చూసుకోవచ్చు. 'డిస్కస్ అబౌట్' వల్ల ఎవరి కొంపా మునగదు. ముందు దిద్దాల్సినవి అర్థం తిరగబడేవి. 'టు మీ', 'ఎట్ మీ'. 'విత్ యూ', 'ఆన్ యూ', 'అప్ టు యూ'. 'బై అస్', 'ఫర్ అస్'. ఒక పాతిక జంటలు ఉంటాయేమో. వాటికి నాలుగు ఆదివారాలు చాలు.

మన దగ్గర ఉండి ఇంగ్లీషు దగ్గర లేనిది కూడా ఒకటుంది, మర్చిపోకూడదు. మనం, మేము. 'అస్' అంటే మనకా, మాకా? 'దిస్ విల్ బి గుడ్ ఫర్ అస్' అని క్లయింటుతో అంటే, మా కంపెనీకి మంచిది అనుకుంటాడా, మనిద్దరికీ మంచిది అనుకుంటాడా? ఇంగ్లీషుకి ఆ తేడా చెప్పే మాట లేదు. చిత్రంగా సింగపూర్ నాలుగు అధికార భాషల్లో తమిళానికి ఆ తేడా ఉంది, నామ్, నాంగళ్. మలయ్‌కీ ఉంది, కితా అంటే మనం, కామి అంటే మేము. ఇక్కడి జాతీయగీతం మలయ్‌లో ఉంది, అందులో ఉన్నది కితా. ఎదుటివాణ్ణి కూడా కలుపుకున్న 'మనం'. ఈ తేడా పుట్టుకతో తెలిసిన మనం మెయిల్‌లో 'అస్' దగ్గర ఒక్క క్షణం ఆగి, 'బోత్ టీమ్స్' అనో 'అవర్ సైడ్' అనో రాయగలం. ఇంగ్లీషు ఒక్కటే వచ్చినవాడికి ఇక్కడ ఒక గుంట ఉందనే తట్టదు. తెలుగు వచ్చినందువల్ల ఇంగ్లీషు ఇంకా స్పష్టంగా రాయగలిగే చోటు ఇది.

మన ఇంగ్లీషు చదువుల్లో ఈ పద్ధతి ఎందుకు రాలేదన్నది ఆలోచించాల్సిన విషయం. తిరుగు దారిలో ఈ పని ఎప్పుడో జరిగింది. సి.పి. బ్రౌన్ 1840లోనూ, మచిలీపట్నంలో పనిచేసిన మిషనరీ ఆర్డెన్ 1873లోనూ తెలుగు వ్యాకరణాలు రాశారు, ఇంగ్లీషువాళ్లు తెలుగు నేర్చుకోవడానికి. వాళ్లకి తెలిసిన భాష పక్కన పెట్టి తెలియని భాష చెప్పారు. మనం మాత్రం ఇంగ్లీషుని ఇంగ్లీషుతోనే చెబుతాం. తరగతిలో తెలుగు మాట వినబడితే జరిమానా వేసే బడులు కూడా ఉన్నాయి. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడులన్నీ ఇంగ్లీషు మీడియంలోకి మార్చాలని జీవో వచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. ఆ వాదనల్లో ఏ మీడియం అన్నదాని మీద కొట్టుకున్నంతగా ఇంగ్లీషు ఎలా నేర్పాలన్నదాని మీద మాట్లాడుకోలేదు. ఆ గొడవలోంచి ఒక మంచి పని మాత్రం జరిగింది. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు పిల్లల చేతికొచ్చాయి, తర్వాత తెలంగాణలోనూ వచ్చాయి. ఎదురెదురు పేజీలు ఉన్నాయి కాబట్టి, ఇటు 'ఆమెతో' కింద గీత గీసి అటు 'విత్ హర్' కింద గీత గీయమని పిల్లల్ని అడిగితే చాలు. ఇటు 'ఆమెకి' ఉన్నచోట అటు 'టు హర్' ఉందా, ఉత్త 'హర్' ఉందా, ఏకంగా 'షి' ఉందా అని వెతకమంటే అదే వ్యాకరణ పాఠం.

ఆ చివరి మాట, ఏకంగా 'షి' ఉండటం, రెండు భాషల మధ్య అన్నిటికన్నా లోతైన తేడా. నాకు ఆకలి, నాకు భయం, నాకు తెలుసు, నాకు ఇష్టం. తెలుగులో ఇవన్నీ మనిషి దగ్గరికి వచ్చేవి, మనిషి వాటికి చేరే చోటు. ఇంగ్లీషులో 'ఐ' ముందుకొచ్చి నిలబడుతుంది, నేను ఆకలిగొని ఉన్నాను, నేను ఎరుగుదును అన్నట్టు. ఇంగ్లీషు కూడా ఒకప్పుడు మనలాగే అనేది. పాత పుస్తకాల్లో కనిపించే 'మీథింక్స్' అంటే నాకు అనిపిస్తోంది అనే. అందులోని 'మీ' మన నాకు. ఆ భాష దాన్ని వదిలేసింది, మనం ఉంచుకున్నాం.

ఉంచుకున్నాం అన్నాను గానీ, ఇక్కడ పెరిగే పిల్లల్ని వింటుంటే అనుమానం వస్తుంది. సింగపూర్ బడుల్లో మాతృభాషగా చైనీస్, మలయ్, తమిళం ఉన్నాయి. మన దేశపు భాషల్లో హిందీ, బెంగాలీ, పంజాబీ, గుజరాతీ, ఉర్దూలకి కూడా చోటుంది. తెలుగు లేదు. మన పిల్లలు హిందీయో తమిళమో తీసుకుంటారు, ఇంట్లో తెలుగు వింటారు. వాళ్ల నోట "నేను ఆకలిగా ఉన్నా", "నేను ఆ అంకుల్‌ని తెలుసు" వస్తున్నాయి. ఫోన్లలో కనిపించే "మీరు రెండు సందేశాలను కలిగి ఉన్నారు" అనే తెలుగుకి ఈ మాటలు అక్కాచెల్లెళ్లు. మనవాడు విభక్తి మార్చకుండా ఇంగ్లీషు మాట్లాడినట్టే, మన పిల్ల 'ఐ'ని మార్చకుండా తెలుగు మాట్లాడుతోంది. వాణ్ణి చూసి నవ్వుతాం, దీన్ని చూసి ముద్దుచేస్తాం. రెండూ దిద్దకుండా వదిలెయ్యడమే.

కాబట్టి ఈ పని ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు. పిల్ల "నేను ఆకలిగా ఉన్నా" అంటే, "నీకు ఆకలేస్తోందా?" అని తిరిగి అడిగితే చాలు, పాఠం అక్కర్లేదు. కొత్తగా చేరిన కుర్రాడు 'ఆన్ యూ' అన్నప్పుడు కాల్ అయ్యాక పక్కకి పిలిచి, "నీ దగ్గర అనాలనుకున్నావా, నీ మీద అనాలనుకున్నావా?" అని తెలుగులోనే అడగండి. జవాబు అతనికి తెలుసు.